పెద్ద సిటీ ఎయిర్‌స్పేస్‌లో చిన్న విమానం: చార్ట్ తెరిచిన దగ్గర్నుంచి దిగేదాకా ఏం చెయ్యాలి

లైసెన్స్ వచ్చింది, ఖాళీ ఆకాశంలో గంటలు కూడా బానే అయ్యాయి, కానీ పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉన్న సిటీ పక్కనుంచి వెళ్ళాలంటే మాత్రం కడుపులో తిప్పేస్తోంది, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కళ్ళకి ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా ఒకేచోట రాసేస్తే పోలా అనిపించింది.

ఇది సెస్నా 172, పైపర్ పీఏ-28 లాంటి ఒక ఇంజిన్ విమానంలో, పగటిపూట, వీఎఫ్ఆర్‌లో (అంటే కళ్ళతో బయటకి చూస్తూ నడిపే పద్ధతిలో), ఒక్కరే పైలట్‌గా వెళ్ళేవాళ్ళ కోసం. ఇందులో అంకెలు ఎక్కువగా ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెక్కలు, దేశాన్ని బట్టి తేడాలుంటాయి కాబట్టి మీ దేశం ఏఐపీలో (ఆ దేశం ప్రచురించే విమానయాన సమాచార పుస్తకంలో) ఏముందో అదే ఫైనల్.

నేను మాత్రం ఫ్లైట్ మొత్తం మూడు ప్రశ్నలు పట్టుకుని నడుపుతా. ఏ నిమిషంలో ఎవరు లేపి అడిగినా ఈ మూడింటికీ జవాబు నోట్లో ఉండాలి:

- ఇప్పుడు నా నెత్తి మీద కప్పు, అంటే కంట్రోలర్ల అదుపులో ఉండే ఆకాశం (కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్) అడుగు భాగం, ఎంత ఎత్తులో ఉంది?
- తర్వాత ఎవరితో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి?
- వాళ్ళు వద్దంటే ఎటు తిరుగుతాను?

ఒక్కదానికి జవాబు తట్టకపోయినా మీరు విమానం వెనకాల పరిగెడుతున్నట్టే. కింద రాసిందంతా ఈ మూడింటికీ ముందే జవాబులు సిద్ధం చేసుకోవడం ఎలా అన్నదే.

## 1. చార్ట్‌ని చూడటం కాదు, చేత్తో గీయండి

పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉండే కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ తిరగేసి పెట్టిన గోపురంలా ఉంటుంది. రన్‌వే దగ్గర నేల దాకా దిగుతుంది, దూరం పోయేకొద్దీ మెట్లుమెట్లుగా పైకి లేస్తుంది. మనలాంటి చిన్న విమానాలు చాలాసార్లు ఆ మెట్ల కింద నుంచే వెళ్తాయి, అందుకే ఏ మెట్టు అంచు ఎక్కడ, దాని అడుగు భాగం ఎంత ఎత్తు అన్నది తెలియాలి.

యాప్‌లో వేలితో గీత లాగేస్తే రూట్ వచ్చేస్తుంది, కానీ బుర్రలోకి ఏమీ ఎక్కదు. ఒక తెల్ల కాగితం తీసుకోండి, ఎయిర్‌పోర్ట్ మధ్యలో పెట్టండి, మీ దారి ఒక గీత గీయండి, ఆ గీత ఏయే మెట్ల కింద నుంచి పోతుందో అక్కడ అడ్డగీత గీసి అంకె రాయండి. 2,500 అడుగుల దగ్గర నుంచి 1,500 కి దిగే చోటుని ఎర్ర పెన్నుతో దిద్దండి, ఎందుకంటే మామూలుగా ఎగురుతూ వెళ్ళి ఎయిర్‌స్పేస్‌లో దూరిపోయేది సరిగ్గా అలాంటి చోటే, మీరు ఎక్కరు, కప్పే మీ మీదకి దిగుతుంది.

చార్ట్ ఎప్పుడూ పెద్ద స్కేల్‌ది తీసుకోండి. 1:500,000 చార్ట్‌లో సిటీ చుట్టూ అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనపడవు, చాలా పెద్ద నగరాలకి 1:250,000 చార్ట్ విడిగా దొరుకుతుంది.

ఇంకొకటి, అంకె ఏ లెక్కలో ఉందో చూడండి. సముద్రమట్టం నుంచా, నేల నుంచా, ఫ్లైట్ లెవెలా? ఉదాహరణకి కప్పు ఫ్లైట్ లెవెల్ 55 అని ఉందనుకోండి, అది ప్రామాణిక గాలి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్ మీద 5,500 అడుగుల లెక్క. ఆ రోజు క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం లెక్కన అక్కడి గాలి ఒత్తిడి, ఆల్టిమీటర్‌లో పెట్టేది) 993 అయితే, ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 27 అడుగుల చొప్పున ఆ కప్పు మీ ఆల్టిమీటర్ మీద 4,950 దగ్గరకి దిగిపోయి ఉంటుంది, మీరు 5,300 లో హాయిగా కిందే ఉన్నాననుకుంటూ పైన తేలుతుంటారు.

ఎయిర్‌స్పేస్ క్లాసుల గురించి కూడా ఒక్క ముక్క. ఐకావో ప్రకారం క్లాస్ ఏ లోకి వీఎఫ్ఆర్‌కి ప్రవేశం లేదు. బీ, సీ, డీ లోకి క్లియరెన్స్ (కంట్రోలర్ అనుమతి) కావాలి, రెండు వైపులా రేడియో ఉండాలి. బీ లో అందర్నీ అందరితో వేరు చేస్తారు. సీ లో మిమ్మల్ని ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే) విమానాల నుంచి వేరు చేస్తారు గానీ ఇంకో వీఎఫ్ఆర్ విమానం గురించి సమాచారం మాత్రమే ఇస్తారు. డీ లో మీకు దక్కేది ట్రాఫిక్ సమాచారమే, తప్పించుకునే బాధ్యత మీ కళ్ళదే. కంట్రోలర్‌తో మాట్లాడుతున్నా కదా, వాళ్ళే చూసుకుంటారులే అనుకునేవాళ్ళు ఈ చివరి వాక్యం ఇంకోసారి చదవండి.

## 2. దారి ఎంచుకోవడం: చుట్టూ, కింద, పైన, మధ్యలోంచి

నాలుగు మార్గాలుంటాయి, నేను ఆలోచించే వరుస ఇది.

చుట్టూ తిరిగి. పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. మొదటి రెండు మూడు సార్లు ఇదే చెయ్యండి, నామోషీ ఏం లేదు.

పైనుంచి. ఎయిర్‌స్పేస్ పైకప్పు మీ విమానం ఎక్కగలిగినంత ఎత్తులో ఉంటే బాగుంటుంది గానీ చిన్న విమానానికి అది అరుదుగా కుదురుతుంది.

మధ్యలోంచి. ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) క్లియరెన్స్‌తో. రేడియో మీద పట్టుంటే ఇదే అన్నిటికన్నా సుఖం, మీరెక్కడున్నారో తెలిసినవాళ్ళు ఒకరుంటారు. చాలామంది ఇది పెద్ద విమానాలకే అని భయపడి కింద నుంచి ఇరుక్కుంటూ పోతారు, అడిగితే పోయేదేముంది చెప్పండి.

కింద నుంచి. అందరూ వెళ్ళేది ఇలాగే, కాబట్టి రద్దీ అంతా అక్కడే. పైన కప్పు, కింద టవర్లు, మధ్యలో సన్నటి సందు, ఆ సందులో హెలికాప్టర్లు, ట్రైనింగ్ విమానాలు, మీరు.

కింద నుంచి వెళ్తే కప్పుకి ఆనుకుని వెళ్ళకండి. బ్రిటన్‌లో పైలట్లకి "టేక్ టూ" అని చెప్తారు, అంటే కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ అంచు నుంచి పక్కకి 2 నాటికల్ మైళ్ళు, పైకీ కిందికీ 200 అడుగులు వదలమని. మంచి కొలత, ఎక్కడున్నా పనికొస్తుంది. ఒక్క గాలి కుదుపుకే 150 అడుగులు లేచిపోతాం మరి.

అలాగని మరీ కిందకి పోకూడదు. ఐకావో లెక్కలో జనం ఉన్న చోట చుట్టూ 600 మీటర్ల లోపు ఉన్న ఎత్తైన అడ్డంకి కన్నా కనీసం 1,000 అడుగులు పైన ఉండాలి. దానికి ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగుతాం అన్న లెక్క కూడా కలపండి. సెస్నా 172 లాంటిది గాలి లేనప్పుడు ప్రతి 1,000 అడుగుల ఎత్తుకీ సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు జారుతుంది. 1,500 అడుగుల్లో అంటే రెండు మైళ్ళు చిల్లర, అందులో మలుపుకి కొంత పోతుంది. ఆ పరిధిలో మైదానమో, ఖాళీ పొలమో, కనీసం నీటి ఒడ్డో లేకపోతే ఆ రూట్ పక్కకి జరపాల్సిందే.

సిటీల దగ్గర ప్రచురించిన వీఎఫ్ఆర్ రూట్లు, కారిడార్లు ఉంటాయి, వాటికి సొంత రూల్స్ ఉంటాయి. న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద 2009 ఆగస్టు 8న ఒక పైపర్, ఒక టూరిస్ట్ హెలికాప్టర్ గుద్దుకుని 9 మంది పోయాక అక్కడ గరిష్ఠ వేగం 140 నాట్లు, లైట్లు వెయ్యడం, తాము వెళ్ళే దిశకి కుడి వైపున్న ఒడ్డు పట్టుకుని వెళ్ళడం, ఫలానా చోట ఉన్నానని అందరికీ వినపడేలా రేడియోలో చెప్పుకోవడం తప్పనిసరి చేశారు. మీరు వెళ్ళే చోట ఇలాంటిదేమైనా ఉందా అని ఏఐపీలో వెతకండి.

## 3. "వద్దు" అంటే ఎటు? ఇది నేల మీదే తేల్చుకోండి

చాలా గైడ్లలో ఈ ముక్క ఉండదు, నాకేమో అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

క్లియరెన్స్ అడుగుతారు. వాళ్ళు స్టాండ్‌బై (కాసేపు ఆగు) అంటారు. మీరు నిమిషానికి రెండు మైళ్ళ చొప్పున అంచు వైపు పోతూనే ఉంటారు. ఆలోచించుకోవడానికి అప్పుడు టైమ్ ఉండదు. అందుకని అంచుకి 5 మైళ్ళ ముందు, నేల మీద బాగా గుర్తుపట్టగలిగే ఒక చోటు పెట్టుకోండి, రిజర్వాయరో, రెండు హైవేలు కలిసే చోటో. అక్కడికి చేరేసరికి "క్లియర్డ్" అన్న మాట వినపడకపోతే తిరగడమే, ఇంకో ఆలోచన లేదు. ఎటు తిరగాలో, ఏ హెడింగో, అక్కడ కప్పు ఎంతో, ఎంత ఇంధనం ఎక్కువ పడుతుందో అన్నీ నీబోర్డ్ (తొడకి కట్టుకునే రాత పలక) మీద రాసి ఉండాలి.

గుండ్రంగా తిరుగుతూ ఆగాలనుకుంటే అందరూ వాడే రిపోర్టింగ్ పాయింట్ మీద మాత్రం తిరగొద్దు, అది నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆపినట్టే. రెండు మూడు మైళ్ళు పక్కకి జరిగి తిరగండి.

## 4. బయల్దేరే రోజు చూసుకోవాల్సినవి

- నోటమ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా నోటీసులు): తాత్కాలిక నిషేధాలు, పెద్ద ఆటల పోటీలు, వీఐపీ రాకపోకలు, క్రేన్లు, పనిచెయ్యని నావ్ ఎయిడ్స్ (దారి చూపే రేడియో పరికరాలు). సిటీల దగ్గర ఇవి పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటాయి, కాబట్టి బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి.
- వాతావరణం: 10,000 అడుగుల కింద కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లో ఐకావో కనీసం 5 కిలోమీటర్ల విజిబిలిటీ, మేఘాలకి పక్కన 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగులు. చట్టం ఒప్పుకుంటుంది గానీ సిటీ పొగమంచులో 5 కిలోమీటర్లంటే ముందు ఏమీ కనపడనట్టే. నేనైతే 8 కి తక్కువుంటే వెళ్ళను.
- మేఘాల అడుగు: కప్పుకీ మేఘాలకీ ఏది తక్కువో అదే మీ అసలు కప్పు.
- సూర్యుడు ఏ వైపు: సాయంత్రం పడమటికి వెళ్తే ఎదురొచ్చే విమానం కనపడదు. గంట ముందో వెనకో బయల్దేరితే పోయేదేం లేదు.
- ఇంధనం: మామూలు రిజర్వ్ కాక చుట్టూ తిరిగి వెళ్ళే దారికి, బయట ఆగడానికి విడిగా లెక్క. దిగేసరికి ట్యాంకులో గంటకి సరిపడా ఉండేలా నేను చూసుకుంటా.
- ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి మీ కోడ్ పంపే పరికరం): ఎత్తు కూడా పంపుతోందా?

ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజిలిస్ దగ్గర సెరిటోస్ మీద ఒక చిన్న పైపర్ క్లియరెన్స్ లేకుండా కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌లోకి వెళ్ళింది, దాని ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపేది కాదు, ఒక ప్రయాణికుల జెట్‌తో గుద్దుకుని నేల మీద వాళ్ళతో కలిపి 82 మంది చనిపోయారు. ఇవ్వాళ జెట్లలో టీకాస్ (గుద్దుకోకుండా పైలట్‌ని హెచ్చరించే పరికరం) ఉంటుంది నిజమే, కానీ మీరు ఎత్తు పంపకపోతే ఎక్కాలో దిగాలో అది ఆ పైలట్‌కి చెప్పలేదు.

## 5. కాక్‌పిట్ సర్దుడు

గాల్లో ఏదైనా వెతుక్కుంటున్నారంటే తల కిందకి వంగిందనే. అందుకని ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే అన్నీ చేతికందేలా ఉండాలి.

నీబోర్డ్ మీద ఒక్క కాగితం. దాని మీద దారి వరుసలో నాలుగు గళ్ళు: చోటు, అక్కడ కప్పు, నేను ఉండాల్సిన ఎత్తు, ఫ్రీక్వెన్సీ. అంతకంటే ఎక్కువ రాస్తే గాల్లో చదవలేరు.

రెండు రేడియోలుంటే మొదటి దాంట్లో ఇప్పటిది, స్టాండ్‌బైలో తర్వాతది. ఒక ఫ్రీక్వెన్సీ దాటగానే ఇంకోటి స్టాండ్‌బైలో పెట్టడం చెయ్యి దానంతటదే చేసేయాలి. ఏటిస్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణం, రన్‌వే వివరాలు చెప్పే రికార్డింగ్) రెండో రేడియోలో ముందే వినేయండి.

టాబ్లెట్ వాడండి, నేనూ వాడతా, కానీ దాన్నే నమ్ముకోకండి. ఒకసారి ఎండలో డాష్ మీద పెడితే కాసేపటికి వేడెక్కి ఆఫ్ అయింది, అదీ సరిగ్గా కప్పు దిగే మెట్టు దగ్గర. పక్కన ఆ చేత్తో గీసిన కాగితం ఉంది కాబట్టి సరిపోయింది. టాబ్లెట్‌ని నీడలో బిగించండి, మ్యాప్‌లో ఎత్తు వడపోత పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త, కొన్ని ఎయిర్‌స్పేస్‌లు మాయమైపోతాయి, అవి లేవనుకుంటాం.

పక్క సీట్లో ఎవరైనా ఉంటే వాళ్ళకో పని అప్పగించండి. "మన ముందు పన్నెండు, కుడి రెక్క మూడు, ఎడమ రెక్క తొమ్మిది, ఏ విమానం కనపడినా ఆ గడియారం లెక్కలో చెప్పు, నేను చెయ్యి పైకెత్తితే మాత్రం మాట్లాడకు." ఇంత చెప్తే చాలు, కబుర్లు ఆగిపోతాయి, అదనంగా రెండు కళ్ళు దొరుకుతాయి.

## 6. మొదటి రేడియో కాల్

భయపడేది ఇక్కడే కదా. మాట్లాడే ముందు కనీసం అరనిమిషం వినండి, ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో తెలుస్తుంది, ఒకళ్ళ మాట మధ్యలో దూరకుండా ఉంటారు. అంచుకి 10 నుంచి 15 మైళ్ళ ముందే పిలవండి, బిజీగా ఉంటే మూడు నాలుగు నిమిషాలు ఊరికే పోతాయి.

మొదటి పిలుపు చిన్నది: "అప్రోచ్, సెస్నా అల్ఫా బ్రావో చార్లీ, రిక్వెస్ట్ ట్రాన్సిట్." మీ ఎయిర్‌స్పేస్ దాటనివ్వండి అని, అంతే. కంట్రోలర్ "పాస్ యువర్ మెసేజ్" అన్నాకే మిగతాది, ఈ వరుసలో:

1. నేనెవరు, ఏ రకం విమానం
2. ఎక్కడ నుంచి ఎక్కడికి
3. ఇప్పుడు ఎక్కడున్నా
4. ఎంత ఎత్తు, ఏ క్యూఎన్‌హెచ్ మీద, వీఎఫ్ఆర్
5. ఏం కావాలి
6. ఏటిస్ అక్షరం (ఆ రికార్డింగ్‌కి ఇచ్చిన గుర్తు) ఉంటే అది

దీన్ని కాగితం మీద రాసుకుని చదివినా ఎవరూ నవ్వరు. ఎక్కడున్నారో చెప్పేటప్పుడు చార్ట్ మీద ఉన్న పేరే చెప్పండి, "ఆ పెద్ద చెరువు పక్కన" అంటే అక్కడ చెరువులు పది ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. కింది మాటల్లో ఏదీ క్లియరెన్స్ కాదు:

- "స్టాండ్‌బై"
- "రోజర్"
- "స్క్వాక్ 4521" (ట్రాన్స్‌పాండర్‌లో ఈ కోడ్ పెట్టు అని)
- "రాడార్ కాంటాక్ట్", "ఐడెంటిఫైడ్"
- "రిమైన్ అవుట్‌సైడ్"

కోడ్ ఇచ్చారు కదా, రాడార్‌లో చూస్తున్నారు కదా అని లోపలికి పోయేవాళ్ళు చాలామంది. "క్లియర్డ్" అన్న మాట, దాంతోపాటు మీ కాల్‌సైన్, దారి, ఎత్తు వినపడాలి. అనుమానమొస్తే "కన్ఫర్మ్ క్లియర్డ్ టు ఎంటర్?" అని ఒక్కసారి అడగండి. అమెరికాలో మాత్రం క్లాస్ సీ, డీ లకి మీ కాల్‌సైన్‌తో జవాబిస్తే చాలు, వద్దనకపోతే లోపలికి వెళ్ళొచ్చు, క్లాస్ బీ కి మాత్రం అక్కడ కూడా "క్లియర్డ్" వినాల్సిందే. ఒక దేశంలో అలవాటైంది ఇంకో దేశంలో చేస్తే బుక్కైపోతారు.

తిరిగి చదవాల్సినవి: క్లియరెన్స్, ఎత్తు, హెడింగ్, క్యూఎన్‌హెచ్, స్క్వాక్, రన్‌వే, కొత్త ఫ్రీక్వెన్సీ. మిగతావాటికి "రోజర్" చాలు.

వాళ్ళు చెప్పింది చెయ్యలేకపోతే "అనేబుల్" అనండి, కారణం కూడా చెప్పండి. మేఘంలోకి పొమ్మన్నా, మీరు చూడని విమానం వెనకాల పొమ్మన్నా తలూపకండి. "సే అగైన్ స్లోలీ" అనడానికి కూడా మొహమాటం వద్దు, అర్థంకాని దాన్ని చక్కగా తిరిగి చదవడం కన్నా అది వంద రెట్లు నయం.

## 7. లోపల ఉన్నప్పుడు

ఇచ్చిన ఎత్తు, ఇచ్చిన దారి. ఇచ్చిన ఎత్తుకి 100 అడుగుల కన్నా ఎక్కువ తేడా రాకుండా పట్టుకోండి. మార్చాలనుకుంటే ముందు అడగాలి, తర్వాతే కదలాలి.

లోపలికి రాకముందే వేగం తగ్గించండి. 110 నాట్ల నుంచి 90 కి దిగితే ప్రతి మైలుకీ ఏడెనిమిది సెకన్లు ఎక్కువ దొరుకుతాయి, మలుపు కూడా చిన్నదవుతుంది. మరీ తక్కువకి పోతే ముక్కు లేచి ముందు కనపడదు, అది చూసుకోండి.

క్యూఎన్‌హెచ్ ఇచ్చిన వెంటనే పెట్టండి. తక్కువ ఒత్తిడి ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటుకి పాత సెట్టింగ్‌తో వెళ్తే ఆల్టిమీటర్ తక్కువ చూపిస్తుంది, మీరు నిజానికి పైన ఉంటారు. 10 హెక్టోపాస్కల్ తేడాకి 270 అడుగులు. ట్రైనింగ్‌లో అందరికీ దీనికి ఎదురుది, అంటే నేలకి దగ్గరైపోయే ప్రమాదం నూరిపోస్తారు, కప్పు కింద ఎగిరేవాడికి మాత్రం కొంప ముంచేది ఇదే.

## 8. కళ్ళు బయటే

రెండు విమానాలు 120 నాట్ల చొప్పున ఎదురెదురుగా వస్తే దగ్గరయ్యే వేగం 240, అంటే ఒక నాటికల్ మైలుకి 15 సెకన్లు. చూడటం, గుర్తుపట్టడం, ఏం చెయ్యాలో అనుకోవడం, చెయ్యి కదపడం, విమానం తిరగడం, ఇదంతా కలిపి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా ఎఫ్ఏఏ లెక్క. ఇంకో మాట చెప్తా, 2 కిలోమీటర్ల దూరంలో సెస్నా రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 11 మీటర్లున్నా ఆకాశంలో నిండు చందమామ వెడల్పు కన్నా తక్కువ కనపడుతుంది, ఎదురుగా వస్తున్నప్పుడు రెక్కలు గీతలా ఉంటాయి కాబట్టి కనపడేది మధ్యలో చుక్కే.

కాబట్టి తల తిప్పుతూ గబగబా చూస్తే ఏమీ దొరకదు, కళ్ళు కదులుతున్నప్పుడు సరిగ్గా చూడవు. ఆకాశాన్ని 10 డిగ్రీల ముక్కలుగా చేసుకుని ఒక్కో ముక్క దగ్గర ఒక సెకను ఆగి తర్వాత దానికి పోవాలి. పరికరాల మీదకి రెండు మూడు సెకన్లు, బయటకి పదిహేను.

అద్దం మీద కదలకుండా ఒకేచోట ఉండి పెద్దదవుతున్న చుక్కే ప్రమాదం. పక్కకి జరిగిపోతున్నది మనల్ని తగలదు. కదలనిదే కంటికి ఆనదు, అదీ చిక్కు. కిటికీ స్తంభం వెనక దాక్కుంటుంది కూడా, అందుకని మధ్యమధ్యలో తల ముందుకీ పక్కకీ జరిపి చూడండి.

పై రెక్క విమానంలో తిరిగే వైపు రెక్క దిగి అటు మొత్తం మూసేస్తుంది. తిరిగే ముందు ఆ రెక్క కొంచెం ఎత్తి చూసి అప్పుడు తిరగండి. కింది రెక్కవాళ్ళకి కింద కనపడదు, దిగేటప్పుడు నేరుగా దిగకుండా కొంచెం అటూఇటూ మెలికలు తిరుగుతూ దిగాలి.

జీపీఎస్ వచ్చాక ఇంకో తలనొప్పి. ఒకప్పుడు ఎవడి గీత వాడిది, ఇప్పుడు అందరూ ఒకే పాయింట్ మీద, ఒకే గీత మీద, గుండ్రటి అంకెల ఎత్తులో అంగుళం తేడా లేకుండా వెళ్తున్నారు. గీతకి అర మైలు కుడి వైపు జరగండి, కప్పు ఒప్పుకుంటే 1,500 బదులు 1,400 లో వెళ్ళండి. లాండింగ్ లైట్ వేసే ఉంచండి.

తెర మీద ఏడీఎస్-బీ (విమానాలు తామెక్కడున్నాయో తామే పంపే పద్ధతి) ట్రాఫిక్ వస్తుంటే మంచిదే, ఎటు వెతకాలో చెప్తుంది. అందులో కొన్ని సెకన్ల ఆలస్యం ఉండొచ్చు, పరికరం లేని విమానాలు అసలు రావు. తెర చూసి తిప్పేయకండి, తెర చూసి కళ్ళతో వెతకండి.

రూల్ గుర్తుందిగా: ఎదురెదురుగా అయితే ఇద్దరూ కుడికి, అడ్డంగా కలుస్తుంటే కుడి వైపు ఉన్నవాడికి దారి, దాటేటప్పుడు కుడి నుంచి. దారి మనదే అయినా అవతలివాడు చూశాడన్న గ్యారంటీ లేదు.

## 9. పెద్ద విమానాల వెనక సుడిగాలి

జెట్ రెక్కల చివర్ల నుంచి వచ్చే సుడులు నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున కిందకి దిగుతూ గాలితో పక్కకి కొట్టుకుపోతాయి, మనం వెళ్ళేది సరిగ్గా ఆ కిందే. జెట్లు దిగే దారిని అడ్డంగా దాటాల్సి వస్తే వాటికన్నా పై నుంచి దాటండి, కుదరకపోతే గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు ఉండి కొన్ని నిమిషాలు ఆగి దాటండి. గాలి నెమ్మదిగా ఉన్న రోజే ఎక్కువ భయపడాలి, సుడులు చెదిరిపోకుండా అక్కడే ఉంటాయి.

అదే ఎయిర్‌పోర్ట్‌లో దిగుతుంటే: భారీ విమానం వెనక లాండింగ్‌కి ఐకావో గ్యాప్ 3 నిమిషాలు, టేకాఫ్‌కి 2, రన్‌వే మధ్యలోంచి లేస్తే 3. ఆ విమానం చక్రాలు తాకిన చోటు దాటి దిగండి, అది లేచిన చోటుకన్నా ముందే లేవండి. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో నెమ్మదిగా కదులుతుంటే దాని రోటర్ వెడల్పుకి మూడింతల దూరం వదలండి.

## 10. తరచూ చేసే తప్పులు, అప్పటికప్పుడు ఏం చెయ్యాలి

క్లియరెన్స్ రాకుండా అంచు దగ్గరకి వచ్చేశారు. ముందు తిరగండి, తర్వాత మాట్లాడండి.

పొరపాటున లోపలికి వెళ్ళిపోయారు. ట్రాన్స్‌పాండర్ ఆపేసే తెలివి తక్కువ పని మాత్రం వద్దు, అప్పుడు జెట్‌లో వాళ్ళకి కూడా మీరు కనపడరు. దగ్గర దారిలో బయటకి తిరుగుతూ వెంటనే రేడియోలో చెప్పేయండి. కంట్రోలర్‌కి కావాల్సింది మీరెవరో, ఎంత ఎత్తో తెలియడం, తిట్టడానికి ఆ టైమ్‌లో వాళ్ళకీ తీరికుండదు.

దారి తెలియట్లేదు. కప్పు కిందే ఉంటూ వీలైనంత ఎక్కండి, ఖాళీ ఎయిర్‌స్పేస్ వైపు తిరగండి, దారి తప్పానని ఒప్పుకుని సాయం అడగండి. ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5.

కోడ్ తిప్పేటప్పుడు పొరపాటు. పాత నాబ్ రకం అయితే మధ్యలో 7500, 7600, 7700 తగలకుండా తిప్పండి, 7600 అంటే రేడియో పోయిందని, 7700 అంటే ఎమర్జెన్సీ, 7500 అంటే హైజాక్, ఆ తర్వాత జరిగేది సరదాగా ఉండదు.

రేడియో పోయింది. ముందు వాల్యూమ్, హెడ్‌సెట్ ప్లగ్, మైక్ బటన్ ఇరుక్కుందేమో, ఇంకో రేడియో. అయినా లేకపోతే 7600, కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌కి దూరంగా, చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో దిగడం మేలు. టవర్ ఉన్న చోట దిగాల్సొస్తే లైట్లు చూడండి: ఆగకుండా పచ్చ అంటే దిగొచ్చు, ఆగకుండా ఎరుపు అంటే దారిచ్చి తిరుగుతూ ఉండు, మిణుకుమిణుకు పచ్చ అంటే దిగడానికి వెనక్కి రా, మిణుకుమిణుకు ఎరుపు అంటే ఇక్కడ దిగొద్దు.

ఇంజిన్ గరగరలాడుతోంది. ముందు విమానం నడపండి, కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు కరిగించే వేడి), ట్యాంక్ మార్చడం, దిగే చోటు వైపు ముక్కు, ఆ తర్వాత 7700, మేడే. అప్పటికే మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే చెప్పండి, కోడ్ కూడా వాళ్ళిచ్చిందే ఉన్నా పర్లేదు. కప్పు, క్లియరెన్స్ అన్నీ ఆ క్షణంలో పక్కన పెట్టేయొచ్చు.

ఫ్రీక్వెన్సీ నిండిపోయి ఒక్క సందు దొరకట్లేదు. పోటీపడి నొక్కితే రెండు గొంతులూ కలిసి కీచుమంటుంది, ఎవరికీ అర్థం కాదు. చుట్టూ తిరిగే దారి పట్టేయండి, అదేగా మూడో ప్రశ్నకి మీరు రాసుకున్న జవాబు.

## 11. దిగాక పది నిమిషాలు

టీ తాగే ముందు యాప్‌లో రికార్డయిన ట్రాక్ తెరిచి పొద్దున గీసిన కాగితం పక్కన పెట్టండి. మూడు చూడండి: కప్పుకి బాగా దగ్గరైంది ఎక్కడ, ఎంత తేడాతో, ఆ క్షణంలో మీరేం చేస్తున్నారు. నా కాగితాలు తిరగేస్తే దాదాపు ప్రతిసారీ అదే కనపడుతోంది, ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు ఎడమ చెయ్యి యోక్‌ని కొంచెం లాగేస్తోంది, 80, 100 అడుగులు లేచిపోతున్నా. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ మార్చే ముందు ట్రిమ్ (చెయ్యి వదిలినా ఎత్తు నిలిచేలా చేసే సర్దుబాటు) చూసుకుంటున్నా.

ఎయిర్‌స్పేస్‌లోకి తెలియక వెళ్ళి ఉంటే, లేదా ఎవరైనా మరీ దగ్గరగా వచ్చి ఉంటే, మీ దేశంలో ఉన్న రిపోర్టింగ్ పద్ధతిలో అదే రోజు రాసి పంపండి, రేపటికి ఎత్తూ టైమూ రెండూ మర్చిపోతారు. ఆ కాగితం పారెయ్యకండి, అదే రూట్‌లో మళ్ళీ వెళ్ళినప్పుడు కొత్త చార్ట్ తేదీ, నోటమ్‌లు సరిచూసుకుని దాని మీదే దిద్దుకోవచ్చు.